ఇంజనుకు చలెయ్యదట!

మంకీ క్యాపు చెవుల కిందిదాకా లాక్కుని, దాని మీద మఫ్లరు చుట్టుకుని, చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డ మనిషి మీతో "ఇక్కడ చలేంటండీ!" అంటే మీరేం చేస్తారో నాకు తెలియదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ డిసెంబరులో తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఆ మాట నాతో అనని మగవాడు లేడు. అన్న ప్రతివాడి నెత్తి మీదా ఏదో ఒక ఉన్ని గుడ్డ ఉంది. వాళ్ల లెక్కలో చలి మనుషులకే గానీ ఇంజన్లకు ఉండదు. ఆ లెక్క వల్ల మా పిన్ని పాట పోయేదే. అందుకని ఇల్లు చేరాక, కోపం చల్లారకముందే, ఇది రాయడానికి కూర్చున్నాను.

ముందు జీపు సంగతి. నేను పుట్టింది కర్లపాలెం దగ్గర పల్లెలో అయినా నర్సు ఉద్యోగం చేసిందీ, కాపురం పెట్టిందీ, రిటైరయిందీ ఆదిలాబాదు అడవి పక్క ఊళ్లలో. ఆసుపత్రి వాళ్లు పాత డీజిలు జీపును వేలం వేస్తే నేనే కొనుక్కున్నాను. ఎన్ని పురుళ్లకు తెల్లవారుజామున దాన్ని లేపి తీసుకెళ్లానో దానికీ నాకూ మాత్రమే తెలుసు. మా ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మి రిటైరయ్యాడు, పాపం.

డీజిలు ఇంజనులో పెట్రోలు బండిలా నిప్పురవ్వ పుట్టదు. లోపలి గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిలు అంటుకోవాలి. ఇంజను చల్లబడి ఉంటే మా జీపులాంటి పాత బండిలో ఆ వేడి చాలదు. అందుకని ఒక్కో సిలిండరుకు వేలెడంత హీటరు ఒకటి బిగిస్తారు. పుస్తకాల్లో దాని పేరు గ్లో ప్లగ్గు, షెడ్లలో హీటర్ ప్లగ్గు. తాళం తిప్పగానే ముందు పసుపు లైటు వెలుగుతుంది. అది ఆరేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత స్టార్టు చెయ్యాలి. మా ఊళ్లో ఇది జీపు ఎక్కిన మేకకు కూడా తెలుసు.

ఇక పిన్ని సంగతి. సంతోషమ్మ పిన్ని మా అమ్మకు చెల్లెలు, రేపల్లెలో కూతురి దగ్గర ఉంటుంది. మా పల్లె చర్చిలో క్రిస్మస్ తెల్లవారుజామున ఆరాధన మొదలుపెట్టేది ఆవిడ గొంతే. మొదటి చరణం ఒక్కతే పాడుతుంది, తర్వాత అందరూ అందుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ పండగంటే ఆ చరణమే. ఇప్పుడు ఆవిడ గొంతులో గడ్డ ఉంది. జనవరిలో ఆపరేషను. గొంతు మునుపటిలా ఉండకపోవచ్చని, అసలు పాట రాకపోనూవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. పోయినేడు చర్చికి వెళ్లడానికి బాడుగ కారు మాట్లాడుకుంటే ఆ డ్రైవరు తన చర్చికి తాను పోయాడు. అతనికీ పండగేగా. పిన్ని తెల్లచీర కట్టుకుని తెల్లవారేదాకా వాకిట్లో కుర్చీలోనే కూర్చుందట. ఆ సంగతి విన్నాక నేను ఫోనులో మాటిచ్చాను. "ఈ ఏడు కారూ వద్దు, గీరూ వద్దు. నా జీపులో నేను తీసుకెళతాను."

తెనాలి

దారి పొడుగునా చెప్పుకోవలసిందేమీ జరగలేదు. తెనాలి చేరేసరికి మాత్రం ఫ్యాను బెల్టు పిల్లిలా అరవడం మొదలుపెట్టింది. లాడ్జి పక్కనే సాంబయ్య అనే మెకానిక్కు షెడ్డు ఉంది. మనిషి మంచివాడు, పని శుభ్రం. ఒక్కటే తెగులు, నేను అడిగిన ప్రతిదానికీ జవాబు మా ఆయనకు చెబుతాడు.

"బెల్టు మార్చాలా, బిగిస్తే సరిపోతుందా?" అన్నాను.

"మార్చేద్దాం సార్," అన్నాడు మా ఆయనతో.

"నన్నడక్కండి బాబూ, బండి ఆవిడది," అన్నాడు మా ఆయన.

"అట్టాగే సార్," అన్నాడు సాంబయ్య, మళ్లీ ఆయనతోనే.

బెల్టు మారేలోగా నేను జిలేబీ కోసం బయలుదేరాను. తెనాలి బెల్లం జిలేబీ తినకుండా ఆ ఊరు దాటడం పాపం. నల్లగా, బరువుగా, పాకం కారుతూ ఉంటుంది. మా ఆదిలాబాదులో జిలేబీ అంటే పసుపు రంగు చక్కెర చుట్ట. తూకం వేసే ఆయన నన్ను చూసి, "అక్కా, వేడిగా ఉన్నప్పుడే తినెయ్యి, చల్లారితే చలికి గట్టిపడుద్ది," అన్నాడు. చూశారా, జిలేబీకి కూడా చలి ఉంది! అప్పుడు నాకు తట్టలేదు గానీ, తర్వాత తలుచుకుని పళ్లు కొరికాను.

పొట్లంతో తిరిగొచ్చేసరికి జీపు కడిగి తళతళలాడుతోంది. సాంబయ్య బానెట్టు మీద చెయ్యేసి మా ఆయనకు ఏదో వివరంగా చెబుతున్నాడు. ఆయన దేవుడి ముందు నిలబడ్డట్టు తలూపుతున్నాడు. ఆ తలూపుడు గుర్తుంచుకోండి. నేను బెల్టు డబ్బులిచ్చేశాను. ఎండ నడినెత్తిన ఉంది. ఇంజను ఒక్కసారికే అందుకుంది. కొలకలూరు మీదుగా బాపట్ల దారి పట్టాం.

బాపట్ల

బాపట్లలో ఆగడానికి కారణం ఉంది. మా పల్లె చర్చి క్వయరు వాళ్లు మర్నాడు తెల్లవారుజామున పాటలు సరిచూసుకుంటారు. మొదటి చరణం పిన్నిదేనని వాళ్లకు ముందుగా చెప్పి రావాలి, లేకపోతే వేరెవరికైనా ఇచ్చేస్తారు. ఆ సాయంత్రం సముద్రం దాకా వెళ్లొచ్చి, హోటల్లో చేపల పులుసుతో భోంచేశాం. పులుసులో చింతపండు ధారాళంగా పోశారు, కారం అంతకన్నా ధారాళంగా వేశారు. భోజనం నూట ఇరవై, కన్నీళ్లు ఉచితం.

తెల్లవారుజామున లేచేసరికి మంచు. ఎదురుగా ఉన్న టీకొట్టు కనిపించడం లేదు, పాలు పొంగిన వాసన మాత్రం వస్తోంది. తాళం తిప్పాను. పసుపు లైటు వెలిగింది, పద్ధతి ప్రకారం ఆరింది. స్టార్టు చేశాను. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ, మంచులో మంచులా కలిసిపోతోంది. మళ్లీ చేశాను. మళ్లీ అదే మూలుగు.

ఇది హీటర్ ప్లగ్గుల జబ్బేనని నాకు వెంటనే తెలిసింది. కానీ నా మాట వినేదెవరు? టీకొట్టు దగ్గరి జనం దిగొచ్చేశారు. ఒక మంకీ క్యాపు బ్యాటరీ అంది. ఇంకొకటి డీజిల్లో నీళ్లు కలిశాయంది. శాలువా కప్పుకున్న పెద్దాయన లోపల గాలి పట్టేసిందని తీర్పు చెప్పాడు.

"కాదండీ, చలికి హీటరు పనిచెయ్యడం లేదు," అన్నాను.

అందరూ నవ్వారు. నిజంగా నవ్వారు. నోటి నుంచి ఆవిర్లు వస్తుండగా నవ్వారు. "ఇక్కడ చలేంటమ్మా! ఇదేమన్నా కాశ్మీరమా? నువ్వు గేర్లో ఉంచు, మేం తోస్తాం." ఒప్పుకోవాలి, తోయడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పైసా అడగలేదు. టీ గ్లాసులు గోడ మీద పెట్టి, చెప్పులు జారుతున్నా లెక్కచెయ్యకుండా, "హైలెస్సా" అంటూ కాలేజీ రోడ్డు సగందాకా తోశారు. ఇంజను అందుకుంది. వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే అప్పటికే తెల్లారిపోయింది.

కర్లపాలెం దాటి చర్చి చేరేసరికి క్వయరు వాళ్లు చాపలు చుట్టేస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ, వరసకు నాకు వదినవుతుంది, చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ అంది, "పిన్నిగారొస్తే ఆవిడే పాడుద్ది, మాకంతకంటే ఏం కావాలమ్మా. రాకపోతే మా కోడలు పాడుద్ది. పోయినేడు కూడా వస్తానన్నారుగా, చూసి చూసి మొదలెట్టాం. ఐదింటికల్లా మొదటి పాట."

ఆ "పోయినేడు కూడా" అన్నది నాకు చెంపదెబ్బలా తగిలింది. తిరిగి బాపట్ల వచ్చి, షెడ్డు తెరిచేదాకా గుమ్మంలో నిలబడ్డాను. తెరిచేసరికి పది దాటింది. అప్పటికి ఎండ వచ్చేసింది, ఇంజను వేడిగా ఉంది. అక్కడి మెకానిక్కు తాళం తిప్పాడు, బుర్రున స్టార్టయింది.

"బాగానే ఉంది గదా సార్," అన్నాడు మా ఆయనతో. నెత్తిమీద ఆకుపచ్చ మంకీ క్యాపు.

"పొద్దున ఐదింటికి చూడండి తెలుస్తుంది," అన్నాను.

"ఐదింటికా! ఆ చలిలో ఎవరొస్తారండి?" అన్నాడు. అని, ఊపిరి తిప్పుకోకుండా, "అయినా ఇక్కడ చలేంటండి, హీటర్లతో పనేంటండి," అన్నాడు. రెండు మాటలకూ మధ్య ఈగ దూరే సందు కూడా లేదు!

నా పోరు పడలేక చివరికి బల్బు తెచ్చాడు. హీటర్ ప్లగ్గు బతికుందో లేదో చూడటం చాలా తేలిక. బల్బుకు రెండు వైర్లుంటాయి. ఒకటి బ్యాటరీకి, రెండోది ప్లగ్గు మొనకు ఆనించాలి. బల్బు వెలిగితే ప్లగ్గు మంచిది, వెలగకపోతే లోపలి తీగ తెగింది. కానీ నాలుగు ప్లగ్గులనూ కలుపుతూ పైన ఒక రేకు పట్టీ ఉంటుంది. దాన్ని ముందు విప్పాలి. విప్పకపోతే నాలుగింట్లో ఒక్కటి బతికున్నా, ఎక్కడ ఆనించినా బల్బు వెలుగుతుంది. ఈయన పట్టీ విప్పకుండానే నాలుగు చోట్లా ఆనించి, నాలుగుసార్లు వెలిగించి, "అన్నీ పస్టుక్లాసు సార్," అన్నాడు.

"పట్టీ తియ్యండి," అన్నాను.

"నట్టు విరుగుద్దండి."

"విరిగితే నేను చూసుకుంటాను, తియ్యండి."

అతను మా ఆయన వైపు తిరిగి, జాలిగా, "సార్, మేడంగారికి మీరన్నా కాస్త చెప్పండి సార్," అన్నాడు. మా ఆయన, "ముప్పయ్యేళ్లుగా చెప్పడం మానేశాను నాయనా," అన్నాడు. నేను జీపెక్కి తలుపు ఎంత గట్టిగా వేశానంటే అద్దం కిందికి జారిపోయింది. దాన్ని పైకి లాగడానికి రేపల్లె దాకా పట్టింది.

రేపల్లె

పిన్ని వాకిట్లోనే ఉంది. మెడకు చిన్న తువ్వాలు చుట్టుకుంది, గడ్డ కనబడకుండా. నన్ను చూడగానే, "జీపేదీ?" అంది, ఎదురుగా జీపు కనిపిస్తున్నా. దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీటు తట్టి చూసుకుంది. లోపల రొయ్యల వేపుడు ఘుమఘుమలాడుతోంది. ఆదిలాబాదులో మాకు రొయ్యలంటే ఎండువే, అవీ సంతలో. ఇక్కడ పచ్చి రొయ్యలు వీధిలోకే వస్తాయి, బేరమాడితే కొసరు కూడా వేస్తారు. పిన్ని మాత్రం మెతుకు గంజే తాగింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటింట్లో, ఎవరికీ వినపడదనుకుని, చరణం సన్నగా అనుకుంటోంది. పై స్వరం దగ్గర ఆగి, మింగి, మళ్లీ ఎత్తుకుంటోంది. నేను గోడ అవతల నిలబడి విన్నాను. తెల్లవారితే క్రిస్మస్.

ఇక ఏ షెడ్డు గుమ్మమూ తొక్కదలచుకోలేదు. పిన్ని అల్లుడి దగ్గర నట్లు విప్పే పానాలు తీసుకున్నాను. బ్రేకులైటు బల్బు ఒకటి విప్పి, దానికి రెండు వైర్లు చుట్టాను. చీర కొంగు బిగించి బానెట్టు ఎత్తాను. వీధి మగవాళ్లంతా చుట్టూ చేరారు, చేతులు చంకల్లోనే.

పట్టీ నట్లు ఒక్కోటి విప్పాను. ఒక్కటీ విరగలేదు. మొదటి ప్లగ్గుకు ఆనించాను, బల్బు వెలిగింది. రెండోదీ వెలిగింది. మూడోదీ, నాలుగోదీ వెలిగాయి. పొద్దుటినుంచీ నేను తిట్టిపోసిన ప్లగ్గులు నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి. వెనకనుంచి ఎవరో, "చెప్పాంగా, ఇక్కడ చలేంటని," అన్నారు. నేను వెనక్కి చూశాను.

ప్లగ్గులు మంచివైతే వాటికి కరెంటు అందుతోందా? మా ఆయన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి. "తాళం తిప్పండి. పసుపు లైటు వెలిగిందా?"

"వెలిగిందే," అన్నాడు సంబరంగా.

పట్టీకి వచ్చే లావుపాటి వైరు చివర నా బల్బు పెట్టాను. చీకటి. లోపల లైటు వెలుగుతోంది, ఇక్కడ కరెంటు చుక్క లేదు. వైరును వేళ్లతో తడుముకుంటూ వెనక్కి పోయాను. బ్యాటరీ వెనక సందులో దాని రెండో చివర దొరికింది. ఊడిపోలేదు, తెగిపోలేదు. ఎవరో ఊడదీసి, మడిచి, ఎర్ర టేపు చుట్టి, పైన దారంతో ముడి వేశారు. నేను జీవితమంతా కట్లు కట్టినదాన్ని, అంత పొందికైన కట్టు ఎప్పుడూ చూడలేదు.

మా ఆయన సీట్లోంచి మెల్లగా అన్నాడు. "ఆ తెనాలి అబ్బాయి... ఏదో వైరు గురించి చెప్పాడు. దానికి డబ్బులొద్దన్నాడు. నాకేం అర్థం కాలేదు. బాగుండదని తలూపాను."

వీధి మధ్యలో నేనేమన్నానో ఇక్కడ రాయను, పండగ ముందు రోజు అనకూడని మాటలవి. బెల్టు రసీదు మీది నంబరు చూసి సాంబయ్యకు ఫోను చేశాను.

"అవునండి, నేనే తీశానండి," అన్నాడు ఎంతో ప్రేమగా. "మా షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ తీసేస్తానండి. ఇక్కడ చలేంటండి? ఆ హీటర్లు ఊరికే బ్యాటరీ తినేస్తయ్. సార్‌కి చెప్పానుగదండి."

"పొద్దున్నే బండి కదలకపోతే?"

"తోస్తారండి," అన్నాడు, నా తెలివితక్కువతనానికి నొచ్చుకుంటూ. "ఇక్కడ మనుషులకేం కొదవండి?"

అదండీ సంగతి. కష్టమొస్తే తోయడానికి పదిమంది ఉన్నారనే ధీమాతో, కష్టం రాకుండా చూసే వస్తువును ఊడబీకుతారు. అదీ సాయం అనుకుని, ఉచితంగా, టేపు ఖర్చు తామే పెట్టుకుని! ద్రోహి అయితే తిట్టుకోవచ్చు. ఇలాంటి ఉపకారిని ఏం చెయ్యాలి? దారం తెంపి, టేపు ఊడదీసి, వైరు తిరిగి బిగించాను. పట్టీ వేసి నట్లు పెట్టాను. ఈసారి బల్బు వెలిగింది.

తెల్లవారుజామున మంచు బాపట్లలోకంటే దట్టంగా ఉంది. పిన్ని తెల్లచీరలో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను తాళం పెట్టబోతుంటే వెనకనుంచి దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే నాలుగు మంకీ క్యాపులు జీపు మీద చేతులు ఆనించి వంగి ఉన్నాయి.

"ఎందుకైనా మంచిదని నేనే రమ్మన్నానమ్మాయ్," అంది పిన్ని నా వైపు చూడకుండా.

ఉక్రోషం వచ్చింది. కానీ పోయినేడు ఆ వాకిట్లో కూర్చున్నది ఆవిడ, నేను కాదు. తాళం తిప్పాను. పసుపు లైటు వెలిగింది. ఆ కాసేపూ పిన్ని దాని మీదనుంచి కళ్లు తిప్పలేదు. లైటు ఆరింది. స్టార్టు చేశాను. ఇంజను ఒక్క దగ్గు దగ్గి, గర్జించింది. పొగంతా వెనకున్న నలుగురి మొహాల మీదికి పోయింది, జీపు ముందుకు కదిలేసరికి ఒకాయన బోర్లా పడబోయి తమాయించుకున్నాడు. నాకు లేశమైనా జాలి కలగలేదు.

చెరుకుపల్లి మీదుగా మంచులో మెల్లగా నడిపాను. పిన్ని దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, గొంతు దాచుకుంటోంది. మేం చర్చిలో అడుగుపెట్టేసరికి వదిన కోడలు మైకు ముందు నిలబడి ఉంది. పిన్నిని చూడగానే పక్కకు జరిగింది. పిన్ని మెడకున్న తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి మైకు దగ్గరకు వెళ్లింది.

చరణం ఎత్తుకుంది. పై స్వరం దగ్గర నా గుండె ఆగింది. ఆవిడ గొంతు ఆగలేదు. కొంచెం వణికింది, అంతే, ఆ వణుకుతోనే పైకెళ్లి అక్కడ నిలిచింది. తర్వాత చర్చంతా అందుకుంది. నేను పాడలేకపోయాను. మా ఆయన నా ఫోను పట్టుకుని పాట రికార్డు చేస్తూ, తనూ ఏడుస్తున్నాడు.

మళ్లీ తెనాలి

తిరుగు ప్రయాణంలో తెనాలిలో ఆగుదామన్నది నేనే. వెళ్లేసరికి సాంబయ్య అప్పుడే షెడ్డు తలుపు ఎత్తుతున్నాడు. మంచు ఇంకా విడలేదు. మంకీ క్యాపు, మఫ్లరు, స్వెట్టరు, అన్నీ ఉన్నాయి.

"రండి సార్! బండి బాగుందా సార్?" అన్నాడు.

"ఏం చెప్పాలన్నా ఆవిడకే చెప్పు నాయనా," అన్నాడు మా ఆయన. "నాకు చెబితే ఏమవుతుందో చూశాంగా."

తిట్టడానికి దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా అక్కడికెళ్లాక అవేవీ రాలేదు. పిన్ని గొంతు సంగతి, ఆపరేషను సంగతి, పోయినేటి తెల్లచీర సంగతి చెప్పాను. "నువ్వు మూరెడు వైరు మడిచిపెట్టావు చూడు, దానివల్ల ఇది పోయేది," అని ఫోనులో పాట పెట్టాను.

వినపడక కాసేపు చెవి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత మఫ్లరు విప్పాడు. మంకీ క్యాపు తీసేశాడు. చరణం అయ్యేదాకా, అందరూ అందుకునేదాకా, ఉత్త తలతో ఆ మంచులో కదలకుండా నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"చలేస్తోందా సాంబయ్యా?" అన్నాను.

"వేస్తోందండి," అన్నాడు, మా ఆయన వైపు కాదు, నా వైపు చూసి.